సామర్లకోట తోటలో మందుమొక్కల దొర రాక్స్‌బర్గ్

సామర్లకోట అనగానే ఇవాళ ఎవరికైనా రైలు జంక్షను, భీమేశ్వరస్వామి గుడి గుర్తుకు వస్తాయి. రెండు వందల ఏళ్లకు పైబడిన కాలంలో మాత్రం ఈ ఊరి పేరు లండన్, ఎడిన్‌బరో నగరాల్లోని వృక్షశాస్త్ర పండితుల నోళ్లలో నానింది. అందుకు కారకుడు ఇక్కడి కోటలో కుంఫిణీ పటాలానికి వైద్యుడుగా పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు దేశస్థుడు. మన మెట్టసీమ రైతుకు, మన్యం గిరిజనుడికి తరతరాలుగా తెలిసిన ముష్టి, చిల్ల, సోమిద, నల్లజీడి వంటి చెట్లను బొమ్మలతో, తెలుగు పేర్లతో సహా ప్రపంచానికి ఎరుకపరచినవాడు ఆయనే. భారతదేశ వృక్షశాస్త్రానికి ఆయన్ను పితామహుడంటారు.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో పుట్టాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివాడు. అప్పట్లో వైద్యం చదివేవాడు మొక్కలు చదవక తప్పదు. మందులలో అధికభాగం ఆకులు, వేర్లు, బెరళ్లే కనుక మొక్కను పోల్చుకోలేని వైద్యుడి చేతిలో రోగి బతుకు గాలిలో దీపమే. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుడి వద్ద రాక్స్‌బర్గ్‌కు మొక్కల మీద మక్కువ కలిగింది. కుంఫిణీ ఓడలపై సహాయ వైద్యుడుగా కొన్నాళ్లు తిరిగి, 1776లో మద్రాసు చేరి అక్కడి ఆస్పత్రిలో ఉద్యోగంలో కుదిరాడు. వాన, గాలి, ఎండల లెక్కలు రోజూ తప్పకుండా రాసి పెట్టుకునే అలవాటు ఆయనకు అక్కడే మొదలైంది. ఆ అలవాటు తర్వాత మన ప్రాంతంలో ఎంత పనికి వచ్చిందో ముందు చూద్దాం.

1781లో ఆయన్ను సామర్లకోటకు బదిలీ చేశారు. కోటలో సిపాయిలకు, దొరలకు మందులివ్వడం ఉద్యోగం. మిగతా పొద్దంతా తోట. కుంఫిణీ వారికి కావలసింది డబ్బు కనుక తోటలో మిరియం, నీలి, చెరకు, బ్రెడ్‌ఫ్రూట్ వంటివి పెంచమన్నారు. రాజమహేంద్రవరం కొండల్లో అడవి మిరియపు తీగలను ఆయన గుర్తించి, వేల సంఖ్యలో నాటించాడు. ఆ సాగు చివరకు కలిసిరాలేదు. పెద్దాపురం, పిఠాపురం జమీందారీల్లో, ఏలేరు ఒడ్డున రైతులు చెరకు నాటే తీరు, బెల్లం వండే తీరు చూసి పూసగుచ్చినట్టు రాశాడు. మన రైతు పద్ధతిని తక్కువ చేయకుండా రాసిన దొరలు ఆ రోజుల్లో అరుదు.

ఆకు తెలిసిన వైద్యుల దగ్గర పాఠం

ఈ ప్రాంతంలో రాక్స్‌బర్గ్‌కు ఇద్దరు మిత్రులు దొరికారు. ఒకరు విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్. మన పాముల్లో విషం ఉన్నదేదో, లేనిదేదో తేల్చి 1796లో గ్రంథం ప్రచురించిన వైద్యుడీయన. రెండోవారు యోహాన్ కోనిగ్. ఆధునిక వృక్షశాస్త్రానికి ఆద్యుడైన లిన్నేయస్‌కు స్వయానా శిష్యుడు. తరంగంబాడిలో డేన్‌ల మిషనుకు వైద్యుడుగా వచ్చి, తర్వాత కుంఫిణీ కొలువులో చేరాడు. మొక్కల కోసం దేశాలు పట్టి తిరిగిన కోనిగ్ 1785 జూన్‌లో కాకినాడ జగన్నాథపురంలో రక్తవిరేచనాలతో మంచం పట్టాడు. రాక్స్‌బర్గ్ దగ్గరుండి వైద్యం చేసినా ఆయన దక్కలేదు. ఇన్ని వేల మొక్కల గుణం ఎరిగిన మనిషి కూడా ఆ కాలపు సామాన్య రోగానికే బలయ్యాడు.

రక్తవిరేచనాలు అప్పట్లో పటాలాలను తుడిచిపెట్టేవి. దొరల మందు ఇపెకాక్ అనే వేరు, బ్రెజిల్ దేశం నుంచి రావాలి. ఓడ రాకపోతే మందు లేదు. అలాంటి సందర్భం ఒకటి రాక్స్‌బర్గ్ తన గ్రంథంలో నమోదు చేశాడు. సైనిక శిబిరంలో విరేచనాలు ప్రబలి, ఇపెకాక్ నిల్వలు నిండుకున్నాయి. మద్రాసు ముఖ్య వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ అప్పుడు ఒక విషయం గమనించాడు. తన చేతి రోగుల కన్నా నాటు వైద్యుల చేతి రోగులే ఎక్కువగా కోలుకుంటున్నారు. ఆయన భేషజానికి పోకుండా ఆ వైద్యుల దగ్గరికి వెళ్లి ఏ మొక్క వాడుతున్నారో అడిగి తెలుసుకుని, తానూ వాడి ఫలితం చూసి, ఆ వేళ్లను మూటలు కట్టించి మద్రాసుకు పంపాడు. హైదరాలీతో యుద్ధంలో ఖైదీలుగా చిక్కిన తెల్లవారికి కూడా ఆ వేరే ఆదుకుంది. రాక్స్‌బర్గ్ తానూ ఎన్నోసార్లు ఆ మందు ఇచ్చి చూశాడు.

ఆ మొక్క మనవాళ్లు వెర్రిపాల, కుక్కపాల అని పిలిచే తీగ. మేకమేయని ఆకు అన్నా ఇదే. ఎక్కువ మోతాదులో ఇస్తే వాంతి, తక్కువ మోతాదులో మళ్లీ మళ్లీ ఇస్తే విరేచనం అని రాక్స్‌బర్గ్ లెక్క కట్టాడు. ఇదే ఆకును ఉబ్బసానికి నమలడం మన పల్లెల్లో పాత అలవాటు. 1960ల చివరలో ఢిల్లీలో డాక్టర్లు దీన్ని పరీక్షించారు. కొందరికి ఉబ్బసం ఉపశమించింది గాని, నోరు పూయడం, ఉప్పు రుచి తెలియకపోవడం, వాంతులు కూడా చాలామందిలో కనిపించాయి. మేక ఎందుకు మేయదో మేకకు తెలుసు.

ఆండర్సన్‌కు మందు చెప్పిన ఆ నాటు వైద్యులెవరు? వారి పేర్లు గ్రంథంలో లేవు. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ కొలువులో మొక్కల బొమ్మలు వేసిన మన చిత్రకారుల పేర్లూ గ్రంథం మీద లేవు. చెట్టు కొమ్మ, పువ్వు, కాయ, గింజ ఒక్కొక్కటి విడదీసి, ఉన్న కొలతలో, ఉన్న రంగులో వేసిన ఆ బొమ్మలు చూస్తే ఆ చేతివాటం తెలుస్తుంది. గ్రంథకర్త పేరు ప్రపంచమంతా తిరిగింది, చేతులు మాత్రం మరుగునపడ్డాయి.

తొలి సంవత్సరాల్లో ఆయన కూడబెట్టిన మొక్కలు, పుస్తకాలు, కాగితాలు మొత్తం సముద్రపు ఉప్పెనలో కొట్టుకుపోయాయి. కోరంగి తీరం సంగతి తెలిసిన మనకు ఉప్పెన అంటే చెప్పనక్కరలేదు. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. 1789లో రస్సెల్ స్వదేశం వెళ్లిపోగా కుంఫిణీ వారి వృక్షశాస్త్రజ్ఞుడి పదవి కూడా రాక్స్‌బర్గ్‌కే వచ్చింది. సామర్లకోట విడిచే నాటికి ఆయన వేయించిన బొమ్మలు వందల్లోకి చేరాయి. వాటిలో నుంచి ఎంచి తీసిన 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కలు అనే గ్రంథం లండన్‌లో 1795లో వెలువడడం మొదలైంది. నిలువెత్తు పుటలు, చేత్తో దిద్దిన రంగులు. మొక్కకు లాటిన్ పేరు పక్కనే తెలుగు పేరు.

ముష్టి, చిల్ల - అన్నదమ్ములు

ఆ గ్రంథం తెరిచిన కాసేపటికే రెండు చెట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. నాలుగో బొమ్మ ముష్టి, అయిదో బొమ్మ చిల్ల. శాస్త్రం ప్రకారం రెండూ ఒకే ప్రజాతి, అంటే ఒక ఇంటివి. ఒకటి ప్రాణం తీస్తుంది, ఇంకొకటి తాగే నీళ్లు తేరుస్తుంది.

ముష్టికాయ పండితే నారింజపండులా ఉంటుంది. లోపల గుజ్జులో బొత్తాముల్లాంటి బూడిదరంగు గింజలు. గుజ్జును పక్షులు ఆబగా తింటాయని, వాటికేమీ కాదని రాక్స్‌బర్గ్ గమనించాడు. విషమంతా గింజలోనే. నాటుసారా కాచేవారు కైపు ఎక్కాలని ఈ గింజలను అందులో వేస్తారని కూడా ఆయన రాశాడు. దీని వేరును చలిజ్వరానికి, పాముకాటుకు వాడుతున్నారని రాసుకున్నాడు. ఆ గింజలో ఉన్నదేమిటో ఆయన బతికుండగా తేలలేదు. ఆయన పోయిన మూడేళ్లకు, 1818లో, ఫ్రాన్సులో పెల్తియే, కవాంతూ అనే ఇద్దరు స్ట్రిక్నిన్‌ను వేరుచేశారు. గింజలో స్ట్రిక్నిన్, బ్రూసిన్ అనే రెండు విషాలూ కలిసి నూటికి రెండు మూడు పాళ్లు ఉంటాయి.

అది చేసే పని ఇది. మన వెన్నుపాములో కండరాలకు కళ్లెంలా పనిచేసే ఏర్పాటు ఒకటి ఉంది. స్ట్రిక్నిన్ ఆ కళ్లెం తెంచేస్తుంది. చిన్న చప్పుడుకు, చిన్న స్పర్శకు ఒళ్లంతా కొయ్యబారి విల్లులా వంగుతుంది. రోగికి తెలివి పోదు, నొప్పి అంతా తెలుస్తూనే ఉంటుంది. ఊపిరి కండరాలు బిగుసుకుపోయి ప్రాణం పోతుంది. విరుగుడు మందు లేదు. చీకటి గదిలో, చప్పుడు లేకుండా ఉంచి, మూర్ఛలు ఆగే మందులిచ్చి, ఊపిరి నిలబెట్టడమే వైద్యం. అది ఆస్పత్రిలో తప్ప కాదు. చింతపండు రసం, మజ్జిగ అంటూ ఇంట్లో గడిపే ప్రతి నిమిషమూ నష్టమే.

మన ఆయుర్వేద వైద్యులు మాత్రం ఇదే గింజను వాతరోగాలకు వాడుతూ వచ్చారు. అయితే గోమూత్రంలో నానవేసి, పాలలో ఉడికించి, పై తొక్క, లోని మొలక తీసివేసి, నేతిలో వేయించి, అంతా అయ్యాక చిటికెడుకూ తక్కువ మోతాదులో ఇచ్చారు. శుద్ధి అన్న మాట ఊరికే పుట్టలేదు. తెల్లవారి వైద్యంలోనూ ఇరవయ్యో శతాబ్దం సగం దాకా స్ట్రిక్నిన్‌ను బలం మందుగా సీసాల్లో పోసి అమ్మారు. బలం మాట అటుంచి, పొరపాటున ఎక్కువ తాగిన పిల్లలు చనిపోయారు. తర్వాత ఆ వాడకం మానేశారు.

చిల్లగింజ సంగతి వేరు. కొత్త కుండ లోపలి అంచుకు గింజను కాసేపు అరగదీసి, బురదనీరు పోస్తే కొంతసేపటికి మడ్డి అడుగున పేరుకుని పైన నీరు తేరుతుంది. సిపాయిలు, వారి అధికారులు యుద్ధాలకు వెళ్లేటప్పుడు ఈ గింజలు వెంట తీసుకుపోయేవారని రాక్స్‌బర్గ్ రాశాడు. నుయ్యి నీరు తేటగా ఉన్నా మనవాళ్లు చెరువు నీటికే, ఏటి నీటికే మొగ్గుతారని ఆయనకు వింతగా తోచింది. గోదావరి కొత్త నీరు ఎర్రగా వచ్చే రోజుల్లో మన అమ్మమ్మలు చేసిన పనే ఇది. ఇండుపగింజ అన్నా ఇదే. గింజలోని జిగురు పదార్థాలు మట్టి రేణువులను దగ్గరికి చేర్చి బరువెక్కించడం వల్ల అవి అడుగుకు దిగుతాయని ఇప్పుడు తెలిసింది. ఇందులో స్ట్రిక్నిన్ లేదు. అయితే తేరిన నీరు వేరు, క్రిములు లేని నీరు వేరు. కోనిగ్ ప్రాణం తీసిన రోగం తేటనీటిలోనూ ఉండగలదు. మరిగించడం తప్పదు.

సోమిద బెరడు కథ

చలిజ్వరం, అంటే మలేరియా, అప్పట్లో దొరలకూ మన్యం ప్రజలకూ తేడా చూడలేదు. దానికి మందు పెరూ దేశపు సింకోనా బెరడు. ధర ఎక్కువ, పైగా కల్తీ. మన కొండల్లో అలాంటి బెరడు దొరక్కపోతుందా అని రాక్స్‌బర్గ్ వెదికాడు. రాజమహేంద్రవరం సర్కారు కొండల్లో సోమిద అనే పెద్ద చెట్టు ఉంది. కొయ్య ఎర్రగా, గట్టిగా ఉంటుంది. బెరడు కటిక చేదు. స్థానికులు జ్వరానికి వాడడం చూసి ఆయన దానికి జ్వరహారి అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టి, పెరూ బెరడుతో పోల్చి పరీక్షలు జరిపి, వాటి వివరాలను 1793లో లండన్‌లో ప్రచురింపజేశాడు. ఎడిన్‌బరో వైద్య విద్యార్థి ఒకరు మరుసటేడు దీని మీదే పరిశోధన వ్యాసం రాశాడు. ఎడిన్‌బరో వారి మందుల పట్టికలోకి మన సోమిద బెరడు ఎక్కింది.

అయితే బెరడు చేదయినంత మాత్రాన మలేరియా కుదరదు. సింకోనాలో క్వినైన్ ఉంది. 1820లో దాన్ని వేరు చేసింది కూడా ఆ పెల్తియే, కవాంతూలే. సోమిదలో క్వినైన్ లేదు. జ్వరం తర్వాతి నీరసానికి, విరేచనాలకు కొంత మేలు చేస్తుందే తప్ప మలేరియా క్రిమిని చంపలేదు. మద్రాసు వైద్యుడు వైట్‌లా ఐన్‌స్లీ తన 1826 గ్రంథంలో మరో సంగతి చెప్పాడు. రోజుకు నాలుగైదు డ్రాములు, అంటే ఒకటిన్నర తులానికి కాస్త అటూఇటూ, దాటి ఇస్తే తల తిరిగి రోగి మగతలో పడుతున్నాడని. మంచి మందు అనుకున్నదాన్నే పెంచి ఇస్తే ఏమవుతుందో ఆ మాటలో ఉంది. రాక్స్‌బర్గ్ ఆశపడినంత ఫలితం రాలేదు గనుక సోమిద మెల్లగా పట్టికల నుంచి జారిపోయింది.

ఒక పేరుతో రెండు చెట్లు, రెండు పేర్లతో ఒక చెట్టు ఉండడం వల్ల జరిగే అనర్థం కూడా ఆయనకు బాగా తెలుసు. ఇందుకు పాలచెట్లే తార్కాణం. బొమ్మలు చేసే అంకుడు ఒకటి, విరేచనాలకు బెరడు వాడే కొడిశపాల ఒకటి. రెంటికీ తెల్ల పూలు, రెంటికీ పాలు, రెంటికీ జంట కాయలు. కొడిశపాల కాయలు విడివిడిగా వేలాడతాయి, అంకుడు కాయల కొసలు మొదట కలిసి ఉంటాయి. బెరడు ఎండి అంగడిలోకి వచ్చాక ఈ గుర్తులేవీ మిగలవు. కొడిశపాల పేరుతో అంకుడు బెరడు కొన్న రోగికి డబ్బుతో పాటు కాలమూ పోతుంది. పువ్వు, కాయ, గింజ వేరువేరుగా బొమ్మ గీయించడంలోని ప్రయోజనం ఇదే. అంకుడు ఆకు నుంచి నీలిమందు తీయవచ్చునని కూడా రాక్స్‌బర్గ్ చేసి చూపాడు.

నల్లజీడిని కూడా ఆయన వదల్లేదు. చాకిరేవులో బట్టలకు చెరగని గుర్తు పెట్టేది దీని రసంతోనే. నాటు వైద్యులు కీళ్ల నొప్పులకు, బెణుకులకు పూస్తారు. ఒంటికి పడని వాడికి బొబ్బలెక్కి ముఖమంతా ఉబ్బిపోతుంది. జీడి దెబ్బ తగిలినవాడికి వేరే చెప్పాలా?

వాన లెక్క, కరువు లెక్క

1789 తర్వాత వరసగా వానలు తప్పాయి. 1792 వరకు సాగిన ఆ కరువులో సర్కారు జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు పాడుబడ్డాయి. దాన్నే పుర్రెల కరువు అన్నారు. సామర్లకోటలో రాక్స్‌బర్గ్ రోజూ రాసుకున్న వాన లెక్క అప్పుడు విలువకు వచ్చింది. ఏ ఏడు ఎంత తగ్గిందో అంకెల్లో చూపగలిగినవాడు ఆయనొక్కడే. ఇలాంటి కరువు ముందెప్పుడైనా వచ్చిందా అని పెద్దల్ని అడుగుతూ పోయాడు. పిఠాపురం రాజావారు తమ తాతగారి నాటి దస్తావేజుల్లో ఉన్న ఒక కరువు వృత్తాంతం వెతికించి ఇచ్చారు. 1685 నుంచి 1687 దాకా మూడేళ్లలో మొదటి ఏడు ఒకే ఒక్క వాన కురిసిందని, ప్రాణాలతో మిగిలినవారు బహు కొద్దిమంది అని అందులో ఉంది.

మందు మొక్కల కోసం వచ్చిన మనిషి అప్పుడు ఆకలి మొక్కల వైపు తిరిగాడు. వరి ఎండినా చెట్టు నిలబడుతుంది గనుక దారుల వెంట, గట్ల వెంట కొబ్బరి, తాటి, పనస, అరటి, సగ్గుబియ్యపు చెట్టు నాటించమని కుంఫిణీకి రాశాడు. ఆకలితో ఉన్నవాడికి అన్నమే మందు అని ఆ వైద్యుడికి ఎవరూ నేర్పనక్కర లేకపోయింది. కుంఫిణీ ఎంత విన్నదన్నది వేరే కథ.

1793లో కలకత్తా తోట అధికారిగా పిలుపు వచ్చింది. ఇరవై ఏళ్లు ఆ తోటను పెంచాడు. అక్కడ 2,500కు పైగా బొమ్మలు గీయించాడు. 1814లో శ్రీరాంపూరు మిషనరీ విలియం కేరీ అచ్చు వేసిన ఆ తోట జాబితాలో సుమారు 3,500 రకాల మొక్కలున్నాయి. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతినడంతో 1813లో రాక్స్‌బర్గ్ రాతప్రతులు కేరీ చేతికి అప్పగించి ఓడ ఎక్కాడు. దారిలో సెయింట్ హెలీనా దీవిలో ఆగి అక్కడి మొక్కలు కూడా లెక్క రాశాడట. 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశాడు. గ్రేఫ్రయర్స్ శ్మశానంలో సమాధి చేశారు.

వెర్రిపాల కథ ఉన్న ఆయన పెద్ద గ్రంథం ఫ్లోరా ఇండికా కేరీ చేతుల మీదుగా 1832 నాటికి గాని పూర్తిగా అచ్చు కాలేదు. అంతకు రెండేళ్ల ముందు, 1830లో, ఫ్రాన్సు దేశపు పండితుడు ఆద్రియాన్ ద జుస్యూ మన జ్వరం చెట్టును పరిశీలించి, అది రాక్స్‌బర్గ్ పెట్టిన మహాగని కుటుంబపు పాత పేరులో ఇమడదని తేల్చి, దానికి కొత్త ప్రజాతి పేరు పెట్టాడు. ఆ పేరు లాటిన్ నుంచి గాని గ్రీకు నుంచి గాని తీసింది కాదు. రాజమహేంద్రవరం కొండల్లో మనవాళ్లు రాక్స్‌బర్గ్‌కు చెప్పిన మాటే. నేటికీ ప్రపంచంలో ఏ దేశపు వృక్షశాస్త్ర గ్రంథంలోనైనా ఆ చెట్టు పేరు సోయ్మిడా.